ప్లాను పెంచితే పింగు తగ్గుతుందా?

(కావలిలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటర్, డిగ్రీ పిల్లలు, కొందరు తల్లిదండ్రులు కూర్చున్న చోట చెప్పిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నవి. మాట్లాడినట్టే ఉంచాను, పెద్దగా సరిచేయలేదు.)

వెనక వినపడుతోందా? సరే. మైకు కొంచెం కీచుమంటోంది, సర్దుకోండి.

నేను లెక్చరర్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. కేబుల్ టీవీ రోజుల నుంచి స్తంభాలెక్కినవాణ్ని. అప్పట్లో లావుపాటి నల్ల వైరు, నాలుగు వీధులకొక యాంప్లిఫయరు, వాన పడితే బొమ్మంతా చుక్కలే. ఇప్పుడు అదే స్తంభం మీద సన్నటి ఫైబరు. ఫిర్యాదు కూడా మారింది. అప్పుడు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి "అన్నా, సీరియల్ రావట్లేదు" అని అమ్మలు తిట్టేవాళ్లు, ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, గేములో పింగ్ రెండొందలు చూపిస్తోంది" అని మీరు ఏడుస్తున్నారు. తిట్లు తినేది మాత్రం నేనే.

ఆ ఫోన్ చేసినవాడు తరవాత అడిగే మాట ఎప్పుడూ ఒకటే. "50 ప్లాను తీసేసి 200 వేయించుకుంటే పోతుందా అన్నా?" నిజం చెప్పాలంటే అమ్మేవాడికి ఆ ప్రశ్న బంగారం. అవునంటే చాలు, నెలకి ఇంకో నాలుగైదొందలు వచ్చి పడతాయి. నేను కూడా కొన్నాళ్లు అవునన్నవాణ్నే, దాచుకోవడం దేనికి. తెలియక కొన్నిసార్లు, తెలిసి కొన్నిసార్లు.

మా చెల్లెలి కొడుకు వల్ల ఆ మాట మానేశాను. వాళ్లది బిట్రగుంట. వాడు వాళ్ల నాన్నని వారం రోజులు సతాయించి 50 నుంచి 200కి మార్పించాడు. మార్చిన రాత్రి నాకు ఫోన్. "మామా, స్పీడ్ టెస్టులో 200 పైనే వస్తోంది, గేములో మాత్రం అట్టానే గుంజుతా ఉంది, నువ్వు మోసం చేశావు." మేనమామని పట్టుకుని అంతమాట! మర్నాడు బండేసుకుని పోయాను. హాల్లో గాజు షోకేసు ఉంది కదా ప్రతి ఇంట్లో, బొమ్మలూ, షీల్డులూ పెట్టుకునేది, రౌటరు దాంట్లో ఉంది. దాని ముందు టీవీ. వాడు ఆడేది రెండు గోడల అవతల, మంచం మీద పడుకుని. వాళ్ల అన్నయ్య ఫోన్లో పెళ్లి వీడియోలన్నీ రాత్రి తొమ్మిదింటికే గూగుల్లోకి ఎక్కడం మొదలవుతాయి. ఇందులో ప్లానుకి సంబంధించింది ఏముంది చెప్పండి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి రెండు సంగతులు వేరుచేద్దాం. మనం స్పీడ్ అనే మాటని రెంటికీ వాడేస్తాం, గొడవంతా అక్కడే పుట్టింది.

పినాకిని ఎక్స్‌ప్రెస్ తెలుసుగా అందరికీ. దానికి ఇంకో నాలుగు బోగీలు తగిలించారనుకోండి. ఏమవుతుంది? ఎక్కువమంది ఎక్కుతారు, నిలబడే బాధ తగ్గుతుంది. మరి కావలి నుంచి నెల్లూరికి తొందరగా పోతుందా? పోదు. అదే పట్టా, అదే ఇంజను. మీ ప్లానులో 50, 100, 200 అని రాసి ఉండేది బోగీల లెక్క, ఒక సెకనుకి ఎంత సరుకు పట్టుద్దో చెప్పే అంకె. ఎంబీపీఎస్ అంటారు, సెకనుకి ఎన్ని మెగాబిట్లు అని. పింగ్ అంటే ప్రయాణానికి పట్టే టైము, మీ ఫోన్ నుంచి మాట బయల్దేరి సర్వరు దగ్గరకి పోయి జవాబు పట్టుకుని తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు అని.

మరి గేముకి ఎన్ని బోగీలు కావాలి? ఇది వింటే మీకే నవ్వొస్తుంది. గేము వీడియోని పంపదు. బొమ్మలన్నీ మీ ఫోన్లోనే తయారవుతాయి. వైరు మీద పోయేది ఏంటంటే, నేను ఇక్కడున్నాను, ఇటు తిరిగాను, ట్రిగ్గర్ నొక్కాను, అంతే. చిన్న చిన్న ముక్కలు. సెకనుకి 60 సార్లు, ఒక్కో ముక్క 300 బైట్లు అనుకున్నా, గుణించి చూడండి, సెకనుకి 18 కిలోబైట్లు. బైటుకి 8 బిట్లు లెక్కన 0.15 ఎంబీపీఎస్ కూడా కాదు. మీ చెల్లి పక్కగదిలో హెచ్‌డీలో చూసే వీడియో దీనికి ముప్పై రెట్లు తింటుంది. ఒక్క ప్రయాణికుడి కోసం మీరు ఇరవై నాలుగు బోగీల రైలు బుక్ చేస్తున్నారు.

(వెనక నుంచి ఎవరో: "మరి అప్‌డేట్ తొందరగా దిగుద్ది గదన్నా!")

దిగుద్ది. అక్కడ నువ్వు కరెక్టు. 30 జీబీ అప్‌డేటు 50 మీద గంటా ఇరవై నిమిషాలు, 200 మీద ఇరవై నిమిషాలు. దానికోసం కొనుక్కుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, మీ నాన్న డబ్బు, మీ ఇష్టం. ఆట నడిచేటప్పటి సంగతి వేరు అంటున్నా.

దూరం సంగతి. ఫైబర్లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బయట గాలిలో 3 లక్షలు, గాజులో పడేసరికి మూడింట రెండొంతులకి తగ్గుద్ది. 2 లక్షలంటే గొప్పగా ఉంది, కానీ లెక్కేస్తే వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు, పోయి రావడానికి 10. మనం ఆడే పెద్ద గేములకి చాలావాటికి సర్వర్లు ముంబయిలో ఉంటాయి. కావలి నుంచి ముంబయికి కాకి పోయినట్టు పోతే 900 కిలోమీటర్లు ఉంటుందేమో, కానీ మన వైరు కాకి కాదు, మద్రాసుకో హైదరాబాదుకో పోయి అక్కడ నుంచి తిరుగుద్ది. 1,500 కిలోమీటర్లు అనుకోండి. పోయి రావడానికి వెలుగుకే 15 మిల్లీసెకన్లు. మధ్యలో ఉండే పెట్టెలు తలా కొంచెం తింటాయి. అందుకే మనకి ఇరవై ఐదు, ముప్పై ఐదు అట్టా కనిపిస్తే అది మంచి పింగే. దాన్ని 5కి తేవాలంటే ప్లాను మార్చి లాభం లేదు, ముంబయికి కాపురం మార్చాలి.

ఇంకొకటి, సర్వర్ ఎంచుకునే చోట ఏషియా అని ఉంటే మనం ఏషియాలోనే కదా ఉన్నాం అని నొక్కేస్తారు. అది సింగపూరు అయి ఉండొచ్చు. మద్రాసు నుంచి సింగపూరుకి సముద్రంలో పడుకున్న కేబుల్ ఒక్కటి తీసుకున్నా 3,200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడికే పోయి రావడానికి 32 మిల్లీసెకన్లు, ఇంటి నుంచి మద్రాసుకి పోయే దారి మళ్లీ వేరే. ఆడే ముందు ఆ సెట్టింగు ఒకసారి చూసుకోండి. పైసా ఖర్చు లేదు.

స్పీడుకీ పింగుకీ సంబంధం లేదనడానికి నాకు నచ్చిన ఉదాహరణ ఇంకోటి ఉంది. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేచిందంటే మనం మేడెక్కి చూస్తాం కదా, నెల్లూరులో అయితే మరీ బాగా కనిపిస్తుంది. కొన్ని కమ్యూనికేషన్ ఉపగ్రహాలు భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున కూర్చుంటాయి. అట్టాంటి దాని మీద ఇంటర్నెట్ తీసుకుంటే, మీ మాట పైకెక్కి కిందకి దిగాలి, జవాబు మళ్లీ పైకెక్కి కిందకి దిగాలి, నాలుగు సార్లు 36 వేలు. వెలుగు వేగంతో పోయినా అర సెకను దగ్గర పడుతుంది. ఆ కనెక్షన్‌కి 100 ఎంబీపీఎస్ ఇచ్చినా, వెయ్యి ఇచ్చినా ఆ అర సెకను అట్టానే ఉంటుంది. సినిమా బ్రహ్మాండంగా చూడొచ్చు. గన్ను తీసేలోపు మాత్రం చచ్చిపోయి ఉంటారు. స్టార్‌లింక్ లాంటివి ఐదొందల కిలోమీటర్లకి అటూ ఇటూ ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. స్పీడు పెంచి సాధించింది కాదది, దగ్గరకి రావడం వల్ల వచ్చింది.

సరే, పింగ్ ఎక్కువుండటం ఒక జబ్బు. అసలు మిమ్మల్ని చంపేది అది కాదు. పింగ్ ఊగడం.

రోజూ ఇరవై నిమిషాలు లేటుగా వచ్చే రైలు ఉందనుకోండి, మనం ఏం చేస్తాం? ఇంట్లోనే ఇరవై నిమిషాలు లేటుగా బయల్దేరతాం. అలవాటు పడిపోతాం. గేము కూడా అంతే చేస్తుంది. నీ పింగ్ 80 ఉంటే, అవతలివాడు 80 మిల్లీసెకన్ల క్రితం ఎక్కడున్నాడో లెక్కలేసుకుని సర్దుతుంది, నువ్వు ఆడగలవు. అదే రైలు ఒకరోజు టైముకి, ఒకరోజు గంట లేటు, ఒకరోజు అసలు రద్దు అయితే? అది ఊగులాట. జిట్టర్ అంటారు. 25 ఉంటుంది, ఉన్నట్టుండి 190కి ఎగురుతుంది, మళ్లీ 30. గేము వేసిన అంచనా తప్పుతుంది, నువ్వు పరుగెత్తి గోడ దాటావు అనుకుంటావు, ఒక్క లాగు లాగి మళ్లీ గోడ ఇవతల పడేస్తుంది. నిలకడగా 80 ఉన్నవాడు, సగటున 40 వచ్చి ఊగేవాడికన్నా బాగా ఆడతాడు. నమ్మకపోతే ఆడి చూడండి.

రద్దయిన రైలుంది కదా, దాన్ని ప్యాకెట్ లాస్ అంటాం. పోయిన ముక్క పోయినట్టే. వీడియోకైతే మళ్లీ పంపమని అడిగే టైముంది. గేముకి ఆ తీరిక లేదు, నిన్నటి పేపరు ఇవాళ తెచ్చిస్తే ఎవరికి కావాలి? అందుకే గేములు ఎక్కువగా తిరిగి పంపించని పద్ధతిలోనే, యూడీపీ అంటారు దాన్ని, దాని మీదే నడుస్తాయి.

"యూట్యూబ్ బాగానే వస్తోంది కదండీ, మరి గేమే ఎందుకు ఆగుతుంది" అని పెద్దవాళ్లు నన్ను అడుగుతుంటారు. యూట్యూబు తర్వాత చూపించాల్సిన ముక్కని ముందే తెచ్చి దాచుకుంటుంది, మధ్యలో పది సెకన్లు లైను పోయినా మీకు తెలియను కూడా తెలియదు. గేములో తర్వాత జరగబోయేది ఇంకా జరగలేదు కదా, ముందే ఎక్కడ నుంచి తెచ్చి దాస్తుంది. రేపటి పాలు ఇవాళే పోయించుకోగలమా? కాబట్టి యూట్యూబ్ బాగా వచ్చినంత మాత్రాన లైను నిలకడగా ఉందని కాదు. స్పీడ్ టెస్టు బాగా వచ్చినా కాదు. అది పది పదిహేను సెకన్లలో ఎంత సరుకు లాగామో చూస్తుంది గానీ, మధ్యలో ఎన్నిసార్లు తడబడిందో మీకు చెప్పదు.

ఇప్పుడు ఊగేది ఎక్కడ? నా అనుభవంలో సగానికి పైగా ఇళ్లలోనే, వైఫైలో. వైఫై అంటే పంచాయతీ లాంటిది, ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఇద్దరూ ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరివీ వినపడవు, మళ్లీ మొదలు. మీ ఇంట్లోవాళ్లే కాదు, పక్కింటి రౌటరు కూడా అదే ఛానల్లో ఉంటే అది కూడా ఈ పంచాయతీలోనే కూర్చుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అంటే వైఫై పాత బ్యాండులో, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే ఛానళ్లు, 1, 6, 11. మన వీధిలో రౌటర్లు ఎన్ని? ముప్పై? మూడు అరుగుల మీద ముప్పైమంది అరుస్తున్నారు. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే చోటు ఎక్కువ, కానీ అది గోడ దాటేసరికి నీరసపడుతుంది. కాబట్టి రౌటరున్న గదిలో కూర్చుని 5 గిగా మీద ఆడండి. కంప్యూటరైతే ఏ ఆలోచనా వద్దు, ల్యాన్ కేబుల్ గుచ్చేయండి. క్యాట్ 5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా వస్తుంది. ఆ షోకేసు ఇంట్లో నేను చేసింది అంతే, రౌటరు తీసి బయట గోడకి పెట్టాను, వాడికి కంప్యూటరు ఉంది కాబట్టి పదిహేను మీటర్ల కేబుల్ లాగాను. మా చెల్లెలు మాత్రం గోడకి మేకు కొట్టానని ఇప్పటికీ సాధిస్తోంది.

రెండోది ఆ పెళ్లి వీడియోలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే స్పీడుకీ నిలకడకీ నిజంగా చుట్టరికం ఉండేది ఇక్కడే.

నెల్లూరులో మంచి చేపల పులుసు హోటల్ అనుకోండి. పార్సిల్ కట్టేవాడు ఒక్కడే. నీకు కావాల్సింది ఒక్క పొట్లం. నీ ముందు ఒకాయన వచ్చి ఫంక్షన్‌కి నలభై పార్సిళ్లు చెప్పాడు. అవి కట్టేదాకా నువ్వు నిలబడాలి. నీ పొట్లం కట్టడానికి అర నిమిషమే, నిలబడింది ముప్పావు గంట. ఓనరు మంచివాడు, ఎవర్నీ పొమ్మనడు, పక్కన పెద్ద హాలు కట్టించి బెంచీలు వేశాడు, రండి కూర్చోండి అంటాడు. హాలు ఎంత పెద్దదైతే అంతమంది కూర్చుంటారు, నీ వంతు అంత ఆలస్యం. ఆయన మంచితనమే నీ పాలిట శాపం.

రౌటర్లలో ఆ హాలుని బఫర్ అంటారు. మెమరీ చిప్పులు చవకైపోయాక తయారీదార్లు బఫర్లని పెద్దపెద్దవి చేసి పెట్టేశారు, ఒక్క ముక్క కూడా పోకూడదని. దాంతో ఒక పెద్ద అప్‌లోడు మొదలైందంటే హాలు నిండిపోతుంది. లెక్క చూడండి. ఒక మెగాబైటు హాలు, మీ అప్‌లోడు స్పీడు 5 ఎంబీపీఎస్. ఒక మెగాబైటంటే 8 మెగాబిట్లు, 5తో భాగిస్తే 1.6 సెకన్లు. మీ గేము ముక్క ఇంట్లోంచి బయట కాలు పెట్టడానికే సెకనున్నర! ఈ రోగానికి 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఆయన, తన ఇంట్లో ఇదే బాధ పడి, బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి అందర్నీ లేపాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనేవాళ్లు దానికి మందు రాశారు. హాల్లో ఎంతమంది కూర్చున్నారని కాదు, ఎంతసేపు కూర్చున్నారని చూసి, మరీ ఎక్కువసేపైతే ఒకరిద్దర్ని బయటకి పంపేయడం. దానికి ఇంకో తెలివి కలిపారు, నలభై పార్సిళ్లాయనకి ఒకటి కట్టు, వెనకాయనకి ఒకటి కట్టు, మళ్లీ ఆయనకి ఒకటి, ఇట్టా తిప్పడం. కొన్ని రౌటర్లలో ఇట్టా వరస సర్దే సెట్టింగు ఎస్‌క్యూఎం అనో, క్యూఓఎస్ అనో ఉంటుంది చూడండి. అది ఉంటే మీ లైను స్పీడులో 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. స్పీడు పది శాతం తగ్గించుకుంటే నిలకడ పెరుగుతుంది! మీ నాన్న వినుంటే సంతోషించేవాడు.

ఇప్పుడు న్యాయంగా ఒక మాట. అదే హాలు, అదే ఒక మెగాబైటు, అప్‌లోడు 100 ఎంబీపీఎస్ అయితే? 0.08 సెకన్లలో ఖాళీ. 80 మిల్లీసెకన్లు. ఇక్కడ ప్లాను పెంచడం పనిచేసింది. కాబట్టి నేను "స్పీడు దండగ" అనట్లేదు. మీ లైను నిండిపోతుంటే స్పీడు పనికొస్తుంది. ఇంట్లో ఆరుగురు, ఒకరు వర్క్ ఫ్రమ్ హోమ్, గేటు దగ్గర కెమెరా రోజంతా వీడియో పైకి పంపుతా ఉంటుంది, మీది పాత పది ఎంబీపీఎస్ లైను, అప్పుడు పెంచండి, తేడా ఆ రాత్రే కనిపిస్తుంది. నిండని లైనుని పెంచితే మాత్రం ఖాళీ బోగీలే. పెంచేటప్పుడు కూడా డౌన్‌లోడు ఎంత అని కాదు, అప్‌లోడు ఎంత ఇస్తావు అని అడగండి.

(ఒక అబ్బాయి: "మా ఫ్రెండ్ 300కి మారాడన్నా, వాడికి నిజంగానే తగ్గింది.")

తగ్గే ఉంటుంది. వాడికి ప్లానుతో పాటు కొత్త రౌటరు డబ్బా ఇచ్చారా? ఇచ్చారా లేదా? చూశారా, ఇచ్చారట. నేను ఇది చాలా ఇళ్లలో చూశాను. పాత 2.4 డబ్బా తీసేసి రెండు బ్యాండ్ల డబ్బా పెడతారు, పనిలో పనిగా వైరు కొత్తది లాగుతారు, చివర కనెక్టరు కొత్తది కొడతారు. బాగుపడిందంతా ప్లాను ఖాతాలో పడుతుంది. వాడు వెనక్కి 50కి వచ్చి అదే డబ్బాతో ఆడినా అట్టానే ఉంటుంది, కానీ ఎవడూ వెనక్కి రాడు కదా.

అసలు ప్లాను అంటే ఏందో తెలుసా మీకు? ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మార్చే ఒక అంకె. 50 తీసి 200 కొడుతుంది, అయిపోయింది. మీ వీధి స్తంభం మీదకి ఎవరూ ఎక్కరు. అదే వైరు, అదే జాయింటు, అదే వెలుగు. మీ వీధికి వచ్చే ఫైబరు లైను, జీపాన్ అంటాం, దాని మీద కిందకి 2.5 గిగాబిట్లు వస్తుంది, దాన్ని స్ప్లిట్టర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాం. వైరు చెడిపోయి ఉంటే 50కీ చెడిపోయినట్టే, 200కీ చెడిపోయినట్టే.

వైరు చెడిపోవడం అంటే తెగిపోవడమే కాదు. ఒక కథ చెప్తాను, నాకు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. రామాయపట్నం వైపు ఒక ఇల్లు. పొద్దున పోతే అంతా బాగుంటుంది, సాయంత్రం నాలుగు దాటితే గేము ఆగి ఆగి వస్తుందని ఫిర్యాదు. నేను మూడుసార్లు పొద్దున్నే పోయాను, స్పీడు చూపించాను, మీ ఫోన్లోనే ఏదో ఉందబ్బాయా అని చెప్పి వచ్చాను. నాలుగోసారి వేరే పనిమీద సాయంత్రం అటుపోయి ఆగాను. సముద్రపు గాలి మొదలైంది. స్తంభం నుంచి ఇంటికి దిగే డ్రాప్ వైరు చింతచెట్టు కొమ్మ మీదుగా పోతోంది, గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా వైరు మడతపడుతోంది. ఫైబరు గట్టిగా వంగితే వెలుగు పక్కకి కారిపోతుంది. మీటరు పెట్టి చూస్తే వెలుగు బలం మైనస్ 22 డీబీఎం ఉండేది, కొమ్మ వంగినప్పుడు మైనస్ 28కి పోతోంది. 6 తగ్గిందంటే వెలుగు నాలుగో వంతుకి పడిపోయిందన్నమాట. మైనస్ 28 దగ్గర ఇంట్లోని ఫైబరు డబ్బా తడబడుతుంది. ఎర్ర లైటు వెలిగేంతసేపు పోదు, ఒక క్షణం తప్పి మళ్లీ వస్తుంది. యూట్యూబ్ చూసేవాళ్లకి ఇంట్లో తెలియనే లేదు, గేమాడే పిల్లాడికే తెలిసింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం, నేనే వినలేదు. ఆ మధ్యలో వాళ్ల నాన్న ప్లాను కూడా పెంచాడు, పాపం. కొమ్మ నరికాక పోయింది జబ్బు.

తుఫాన్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, దానికి ముందూ వెనకా మేం స్తంభాల మీదే ఉన్నాం. తర్వాత నెలల తరబడి వచ్చిన ఊగులాట ఫిర్యాదుల్లో చాలావరకు అప్పుడు తడిసిన జాయింట్లవే. జాయింటు పెట్టెలోకి నీళ్లు పోతే వెంటనే చావదు, మెల్లగా చస్తుంది.

కరెంటు ఇంకోటి. పల్లెల్లో కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వస్తుంది, ఫ్యాను కూడా ఆగదు. ఇన్వర్టరు అందుకునేలోపే డబ్బా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలు గోవిందా. మ్యాచ్ పోయింది. 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి రౌటరుకి, ప్లాను పెంచే డబ్బు నాలుగు నెలలది దాచితే వస్తుంది. ఫైబరు డబ్బాకీ రౌటరుకీ రెంటికీ పెట్టాలి, ఒక్కదానికే పెట్టి నాకు ఫోన్ చెయ్యొద్దు.

ఎక్కడ తేడా ఉందో మీరే కనిపెట్టొచ్చు, నన్ను పిలవక్కర్లేదు. కంప్యూటర్లో నల్ల తెర, కమాండ్ ప్రాంప్ట్ అంటారు, అది తెరిచి, పింగ్ అని కొట్టి మీ రౌటరు అంకె, ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది, చివర -t పెట్టి వదిలేయండి. ఇంకో తెరలో 8.8.8.8కి, అది గూగుల్ వాళ్ల సర్వరు, అట్టాగే. రెండూ పక్కపక్కన పెట్టుకుని గేమాడండి. గుంజినప్పుడు చూడండి. రౌటరు దగ్గరే 1, 2 ఉండాల్సింది 90, 150 అయితే జబ్బు మీ ఇంట్లో, వైఫైలో. రౌటరు 1 దగ్గర నిలబడి ఉండి బయటది ఊగితే, ఇంట్లో ఎవరైనా అప్‌లోడు చేస్తున్నారేమో ఆపి చూడండి. అయినా ఊగితే అప్పుడు మాది, అప్పుడు మమ్మల్ని తిట్టండి. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకానే ఊగితే అది మీ వీధిది కూడా కాదు, పైన ఆపరేటరు కొనుక్కున్న లైను నిండిపోతోంది. సోమశిల నుంచి నీళ్లే తక్కువ వదిలితే మీ మడి గట్టు ఎంత ఎత్తు చేసి ఏం లాభం. నా పాత కంపెనీ ఒకటి, పేరెందుకు, రాత్రిళ్లు అట్టా నిండిపోతున్నప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకి పెద్ద ప్లాను అంటగట్టమని మాకు చెప్పేది. అక్కడ నేను ఎక్కువకాలం లేను.

(ఒక తండ్రి: "సార్, మావాడు ఫోన్లో ఆడతాడు. మే నెలలో మరీ ఆగిపోతోందంటాడు. అది కూడా లైనేనా?")

లైను కాదు సార్, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో, మేడ మీద రేకుల గదిలో, ఛార్జింగు పెట్టి ఆడితే ఫోను కాలిపోతుంది, కాలితే అదే తన వేగం తగ్గించుకుంటుంది. బొమ్మ ఆగి ఆగి వస్తుంది, వీడు నెట్ అంటాడు. పైన పింగ్ అంకె మామూలుగా ఉండి బొమ్మ ఆగుతుంటే ఫోన్‌ని చల్లబరచండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా అంతే, శబ్దం నూరు మిల్లీసెకన్లకి పైనే వెనకపడుతుంది చాలావాటిలో. అడుగుల చప్పుడు వినపడేసరికి వాడు వెనకే ఉంటాడు. వైరు ఇయర్‌ఫోన్లు వాడమనండి.

(ఒక అమ్మాయి: "5జీ మీద ఆడితే?")

టవరు దగ్గరుండి, జనం తక్కువుంటే బాగుంటుంది తల్లీ. స్పీడు టెస్టులో 300 చూపించి మురిపిస్తుంది కూడా. కానీ గాల్లో వచ్చేదానికి టవరు ఒక్కొక్కరికి వంతులేసి ఇస్తుంది, సిగ్నలు ఒక గీత తగ్గినా ఊగుతుంది. బస్సులో పోతూ ఆడితే ఒక టవరు నుంచి ఇంకో టవరుకి మారేటప్పుడు గుంజుద్ది. ఇంట్లో 50 ఫైబరు ఉంటే దాని మీదే ఆడు.

గేమ్ బూస్టర్ యాప్‌లా? డబ్బు కట్టొద్దు. మీ ఆపరేటరు మరీ చుట్టుదారిలో పంపుతుంటే వేరే దారి చూపించి కొంచెం తగ్గించే సర్వీసులు లేకపోలేదు, కానీ మీ షోకేసులోంచి రౌటర్ని అవి బయటకి తియ్యవు. ముందు ఆ పింగ్ పరీక్ష రెండు రాత్రులు చెయ్యండి, తర్వాత మాట్లాడదాం.

టీ వచ్చినట్టుంది. మిగతావి బయట అడగండి. ఇందాక డబ్బా మీద లైటు ఆరెంజి రంగులో మిణుకుతోందని ఫోటో చూపించిన అబ్బాయి ఎవరు, నువ్వేనా? మీ ఇల్లు ఏ వీధి? అక్కడ చెట్టేమైనా ఉందా?